మా బావగారి చెక్-ఇన్‌లు ఆపేదెలా? గొడవ కాకుండా సలహా చెప్పండి

కందిపొడి:

మేం నిజాంపేటలో ఉంటాం. మావారు, నేను, ఏడేళ్ళ పాప. మా బావగారు, అంటే మావారి అన్నయ్య, గుంటూరులో ఉంటారు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. మనిషి బంగారం. ఆ మాట ముందే చెప్తున్నాను, లేకపోతే కింద రాసేదంతా చదివి ఆయన్ని తిట్టుకుంటారు. ఆయనకున్న ఒకే ఒక్క జబ్బు ఫేస్‌బుక్‌లో చెక్-ఇన్, అంటే ఇప్పుడు ఫలానా చోట ఉన్నానని పోస్టు పెట్టడం.

టిఫిన్ సెంటర్లో నీళ్ళ గ్లాసు పెట్టేలోపే చెక్-ఇన్. పెట్రోలు బంకులో చెక్-ఇన్. తనొక్కరే పెట్టుకుంటే నాకేం బాధ లేదు. పక్కన ఎవరుంటే వాళ్ళందరినీ ట్యాగ్ చేస్తారు. పోస్టు పబ్లిక్. నన్ను, మావారిని, మా తోడికోడల్ని, ఆఖరికి ఫేస్‌బుక్ మొహం చూడక రెండేళ్ళయిన మామయ్యగారిని కూడా.

పోయినేడు స్నేహితుడి కొడుకుని లండన్ విమానం ఎక్కించడానికి శంషాబాద్ వచ్చారు. గేటు బయటే నిలబడి "ట్రావెలింగ్ టు లండన్" అని పెట్టారు, విమానం బొమ్మతో సహా. అదేంటండీ అంటే "ఆ అబ్బాయి వెళ్తున్నాడుగా అమ్మా, అదో ఆనందం" అన్నారు. మర్నాడు పొద్దున్న ఆరింటికి, ఆయన దగ్గర డబ్బు రావలసిన రైతులు నలుగురు గుంటూరులో ఇంటి అరుగు మీద కూర్చున్నారు. ఈయన లుంగీతో బయటికొచ్చి కనపడేదాకా ఒక్కరూ కదల్లేదట. దాన్ని మేం చాలా రోజులు చెప్పుకుని నవ్వుకున్నాం.

జూన్‌లో మాత్రం నవ్వు రాలేదు. మామయ్యగారికి గుండెలో స్టెంట్ వేశారు. మా ఆడపడుచు న్యూజెర్సీలో ఉంటుంది, అప్పుడు ఏడో నెల. స్టెంట్ వేయడం అయ్యాక, ఆయన చేత మాట్లాడించి అప్పుడు చెబుదామని అందరం అనుకున్నాం. బావగారు కూడా సరేనన్నారు. కానీ ఆయన వేళ్ళు ఆగలేదు. ఆసుపత్రి పేరుతో చెక్-ఇన్, "ఫీలింగ్ వర్రీడ్", కింద మా అందరి పేర్లు. అక్కడ అర్ధరాత్రి దాటాక ఆ పిల్ల చూసింది. ఫోన్‌లో మాట రావట్లేదు, ఒకటే ఏడుపు. "నాన్న ఉన్నాడా" అని అడిగింది. నేను ఐసీయూ బయటే నిలబడి ఉన్నానని, ఆయన బాగున్నారని పదిసార్లు చెప్పినా నమ్మలేదు.

తర్వాత తిరుమల. ఏడుగురం వెళ్ళాం, మూడు వందల టికెట్ దర్శనం. గుళ్ళోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరుగా. కౌంటర్లో డిపాజిట్ చేసే ముందు ఆఖరి నిమిషంలో ఆయన పెట్టిన పోస్టు: "ఫ్యామిలీతో మూడు రోజులు స్వామి సన్నిధిలో, గురువారం రిటర్న్". ఇంక ఐదారు గంటలు ఆ పోస్టు తీసేయడానికి ఎవరి చేతిలోనూ ఫోను లేదు. క్యూలో ఉండగా మావారికి చెప్తే "స్వామే చూసుకుంటాడులే" అన్నారు.

తిరిగొచ్చాక మా వాచ్‌మన్ చెప్పిన మాట ఇది. "మీరెళ్ళిన రెండో రోజు బైక్ మీద ఒకతను వచ్చాడమ్మా. ఊళ్ళో లేరని నేను చెప్పేలోపే, తెలుసులే, గురువారం దాకా రారుగా, ఫ్లాట్ నంబరెంత అన్నాడు."

వాచ్‌మన్ నంబరు చెప్పలేదు. వచ్చిందెవరో ఈ రోజుకీ తెలీదు. ఏమీ పోలేదు. అయినా రాత్రి తలుపు గడియ రెండుసార్లు చూసుకుంటున్నాను.

అతను అసలు మా బిల్డింగ్ దాకా ఎలా వచ్చాడని ఆలోచిస్తూ ఫేస్‌బుక్‌లో వెతికాను. "మా చిన్నోడి స్వీట్ హోమ్, నిజాంపేట" అని ఒక ప్లేస్ ఉంది! మ్యాప్‌లో గుర్తు సరిగ్గా మా బిల్డింగ్ మీద. హోటళ్ళు, గుళ్ళ మధ్యన మా ఇల్లు. 14 చెక్-ఇన్‌లు, అన్నీ బావగారివే.

నా తప్పూ ఒకటి ఒప్పుకుంటాను. ఒకసారి ఆఫీసులో జ్వరమని చెప్పి మంగళగిరిలో గృహప్రవేశానికి వెళ్ళాను. ఆయన ట్యాగ్ చేశారు. మా మేనేజర్ లైక్ కొట్టారు. ఏమీ అనలేదు, ఊరికే లైక్.

చిన్న కోడలిని, ఆయనకి ఎదురు నిలబడి చెప్పలేను. మావారు చెప్పరు. సెట్టింగ్స్‌లో ఏమైనా దారి ఉందా? లేకపోతే ఎలా చెప్పాలి?

సెట్టింగుల శాస్త్రి:

ముందు చేతిలో ఉన్న పని చేయండి. ఫేస్‌బుక్ సెట్టింగ్స్‌లో ప్రొఫైల్, ట్యాగింగ్ అని ఉంటుంది. ఎవరైనా మిమ్మల్ని ట్యాగ్ చేస్తే అది మీ ప్రొఫైల్ మీదికి వచ్చేముందు మిమ్మల్ని అడిగేలా పెట్టుకోవచ్చు. మీ ఇద్దరి ఫోన్లలో అది ఆన్ చేయండి.

కానీ దాంతో అయిపోయిందనుకోవద్దు. అది మీ గోడ మీద మాత్రమే ఆపుతుంది, ఆయన గోడ మీద పోస్టు అలాగే ఉంటుంది. ట్యాగ్ తీసేసినా మీ పేరుకున్న లింకు పోతుంది, "తమ్ముడి కుటుంబంతో" అని ఆయన చేత్తో రాసింది పోదు. బ్లాక్ చేస్తే ట్యాగ్ చేయలేరు. బావగారిని బ్లాక్ చేసి సంక్రాంతికి ఆ ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్తారు?

అసలు మందు ఆయన ఫోనులో ఉంది. పబ్లిక్ తీసి ఫ్రెండ్స్ అని పెట్టాలి. పాత పోస్టులన్నిటినీ ఒకే దెబ్బకి ఫ్రెండ్స్ వరకే కుదించే ఆప్షన్ కూడా సెట్టింగ్స్‌లోనే ఉంది. ఫ్రెండ్స్ అని పెట్టినా, ట్యాగ్ అయినవాళ్ళ ఫ్రెండ్స్‌కి కూడా మామూలుగా కనపడుతుంది, అది మర్చిపోకండి. మీ మేనేజర్ మీ లిస్టులో ఉన్నంత కాలం మీకు జ్వరాలు రాకూడదు.

క్షేమంగా చేరామని ఇంట్లోవాళ్ళకి తెలియడమే ఆయనకి కావాలంటే వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ నేర్పండి. పావుగంట, గంట, ఎనిమిది గంటలు. టైమవగానే అదే ఆగిపోతుంది.

పాత కాపు:

మీ బావగారి గురించి చదువుతుంటే నేనే గుర్తొచ్చాను. 2010లో నేను ఇంతకన్నా ఘోరం.

ఫేస్‌బుక్ చెక్-ఇన్ ఆ ఏడు ఆగస్టులో అమెరికాలో మొదలైంది. అంతకుముందే ఫోర్‌స్క్వేర్ అనే యాప్ ఉండేది. డెనిస్ క్రౌలీ, నవీన్ సెల్వదురై అని ఇద్దరు 2009 మార్చిలో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో దాన్ని బయటికి తెచ్చారు. ఎక్కడికెళ్తే అక్కడ చెక్-ఇన్ కొట్టడమే ఆట. గడిచిన 60 రోజుల్లో ఒక చోట అందరికన్నా ఎక్కువ రోజులు కొట్టినవాడు ఆ చోటికి మేయర్, నెత్తిన కిరీటం బొమ్మ. నేను అమీర్‌పేటలో మా ఆఫీసు కింది టీ కొట్టుకి మేయర్ని. ఆ కొట్టుని యాప్‌లోకి ఎక్కించింది కూడా నేనే. టీ కొట్టాయనకి తన కొట్టుకో మేయర్ ఉన్నాడని తెలీదు, నాకు ఖాతా బాకీ ఉందని మాత్రం తెలుసు.

ఆ కిరీటాన్ని మా టీమ్‌లో ఒకడు లాక్కున్నాడు. వాడు టీయే తాగడు! ఐదో అంతస్తులో కుర్చీలోంచి లేవకుండా రోజూ కొట్టేవాడు. ఆ ఉక్రోషంతో నేను బస్సులో కూర్చుని పంజాగుట్ట, ఎర్రమంజిల్, ఖైరతాబాద్ దాకా కిటికీలోంచి కనపడ్డ ప్రతి బోర్డుకీ చెక్-ఇన్ కొట్టుకుంటూ పోయేవాణ్ణి. అవన్నీ నా ట్విట్టర్‌లో కూడా పడేవి. ఒక రోజు మా పెద్దమ్మ కూతురు ఫోన్ చేసి "ప్రసూతి ఆసుపత్రిలో నీకేం పనిరా?" అంది. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. ఆ కథ మా ఇళ్ళల్లో ఇంకా నడుస్తోంది.

ఈ దొంగ చెక్-ఇన్‌లు ఎక్కువై 2010 ఏప్రిల్లో ఫోర్‌స్క్వేర్ వాళ్ళు కొత్త ఏర్పాటు తెచ్చారు. ఫోను జీపీఎస్ ప్రకారం మీరు ఆ చోటుకి దూరంగా ఉంటే చెక్-ఇన్ పడుతుంది కానీ పాయింట్లు, కిరీటం రావు. మావాడి మేయర్ గిరీ ఆ దెబ్బకి పోయింది.

మీ వాచ్‌మన్ చెప్పిన మాట చదివి మాత్రం ఒళ్ళు జలదరించింది. అదే సంగతిని 2010 ఫిబ్రవరిలోనే నెదర్లాండ్స్ కుర్రాళ్ళు ముగ్గురు చూపించారు. "ప్లీజ్ రాబ్ మీ" అని ఒక సైట్ పెట్టారు, అంటే "దయచేసి నన్ను దోచుకోండి" అని. ట్విట్టర్‌లో జనం బాహాటంగా పెట్టుకున్న చెక్-ఇన్‌లనే తీసుకొచ్చి వరసగా పేర్చారు, ఇదిగో ఈ ఇల్లు ఇప్పుడు ఖాళీ అన్నట్టు. వాళ్ళు ఏ దొంగతనమూ చేయలేదు, ఏ తాళమూ పగలగొట్టలేదు. తిరుమలలో ఉన్నాం అన్నామంటే ఇంట్లో లేమనే కదా అండీ. మీ బావగారు దానికి గురువారం అని తేదీ కూడా జోడించారు.

నేను మానేసింది దానివల్ల కాదు. మా ఆఫీసులో ఒకమ్మాయి ఉండేది, ఎస్సార్ నగర్‌లో లేడీస్ హాస్టల్. ఆ హాస్టల్‌కి మేయర్ తనే. రోజూ సాయంత్రం ఏడు, ఏడుంపావుకి గేటు దగ్గర చెక్-ఇన్ కొట్టేది, ఒక్క రోజు తప్పినా కిరీటం పోతుందని. పుట్టినరోజు నాడు సరిగ్గా ఏడింటికి గేటు దగ్గర ఒకతను కేకు డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. ఎవరో తెలీదు. అతనికి మాత్రం ఈ అమ్మాయి ఏ పూట ఎక్కడ టిఫిన్ చేస్తుందో, ఆదివారం ఏ గుడికెళ్తుందో అన్నీ తెలుసు. పోలీసులకి చెప్పడానికి అతను చేసిన తప్పేంటో కూడా ఆ అమ్మాయికి అర్థం కాలేదు, తను పెట్టినవే అతను చదివాడు. నెల తిరక్కుండా హాస్టల్ మారిపోయింది. ఆ రాత్రే నేను యాప్ తీసేశాను.

తర్వాత దీన్నే ఒక యాప్‌గా కూడా చేశారు. పేరు "గర్ల్స్ అరౌండ్ మీ". మీ చుట్టుపక్కల చెక్-ఇన్ చేసిన ఆడపిల్లల్ని మ్యాప్ మీద ఫేస్‌బుక్ ఫోటోలతో సహా చూపించేది. 2012లో గొడవైతే ఫోర్‌స్క్వేర్ వాళ్ళు తమ సమాచారం దానికి అందకుండా ఆపేశారు, దాన్ని చేసినవాళ్ళు యాప్‌ని ఐఫోన్ స్టోర్ నుంచి తీసేశారు. ఆ పిల్లలు మాత్రం ఏ సెట్టింగూ తప్పు పెట్టలేదు, అందరిలాగే చెక్-ఇన్ కొట్టారంతే.

నా సలహా ఒకటే. పెట్టొద్దని చెప్పకండి, ఇంటికొచ్చాక పెట్టమని చెప్పండి.

బ్యాగ్ మనిషి:

మెడికల్ రెప్‌ని, భీమవరం వైపు తిరుగుతాను. మాది ఇంకో రకం చెక్-ఇన్. డాక్టరు గారి క్లినిక్ దగ్గరికెళ్ళి కంపెనీ యాప్‌లో పంచ్ కొడితేనే ఆ విజిట్ లెక్క. మా కొలీగ్ ఒకతను ఫోన్లో డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, దొంగ లొకేషన్ చూపించే యాప్ పెట్టుకున్నాడు. ఒక శనివారం తాడేపల్లిగూడెంలో ఆరుగురు డాక్టర్లని కలిసినట్టు పంచ్‌లు పడ్డాయి. మనిషి పాపికొండల బోటులో ఉన్నాడు.

పంచ్‌లన్నీ పొద్దున్నే కొట్టేశాడు. కొండల మధ్య సిగ్నల్ ఉండదు, అందుకే ధీమా. పక్కనున్న స్నేహితుడు మాత్రం దారి పొడుగునా ఫోటోలు పెడుతూనే ఉన్నాడు, అవి ఎక్కక ఫోనులోనే ఆగాయి. సాయంత్రం గండిపోచమ్మ గుడి దగ్గర బోటు ఒడ్డుకి చేరగానే సిగ్నల్ వచ్చింది. అన్నీ ఒక్కసారిగా ఎక్కాయి, మావాడి ట్యాగ్‌తో, లొకేషన్‌తో. ఆదివారం పొద్దున్నే ఏరియా మేనేజర్ ఫోన్. "పులస దొరికిందా?" అన్నాడట. ఆ నెల టీఏ డీఏ రాలేదు.

శాటిలైట్‌ని మోసం చేయొచ్చేమో గానీ పక్కనున్న ఫ్రెండ్‌ని చేయలేం మేడమ్. మీ జ్వరం సంగతి చదివి ఇది గుర్తొచ్చింది.

చిట్టిగారె:

ఇదంతా చదివి నా అకౌంట్ తిరగేశాను. 31 చెక్-ఇన్‌లు. అందులో 19 ఒకే బిర్యానీ హోటల్. దొంగకి కూడా జాలేస్తుంది.

తెనాలి మాస్టారు:

మీ బావగారి పక్షాన ఒక్కడైనా ఉండాలి కాబట్టి రాస్తున్నాను. నాకు 67. రిటైరైన టీచర్ని.

మా నాన్నగారు కాశీ వెళ్ళినప్పుడు అక్కణ్ణించి కార్డు ముక్క రాశారు, "క్షేమంగా చేరాము, గంగాస్నానం అయింది" అని. ఆయన తిరిగొచ్చిన నాలుగు రోజులకి అది మా ఇంటికి చేరింది. పోస్ట్‌మన్ దగ్గర ఆయనే అందుకుని, చదువుకుని, దాచుకున్నారు. నేను చెక్-ఇన్ కొట్టిన మొదటిసారి నాకు ఆ కార్డే గుర్తొచ్చింది. నేనిక్కడిదాకా వచ్చాను అని నలుగురికి చెప్పుకోవాలని ఉంటుందమ్మా. జీవితంలో ఎక్కువ కాలం ఊరు కదలనివాళ్ళకి మరీ.

అయితే నేనూ బోల్తా పడ్డాను. పోయినేడు మేం కాశీ వెళ్తూ, తాళం వేసిన ఇళ్ళకి మన ఆంధ్రా పోలీసులు కెమెరా పెడతారుగా, ఎల్‌హెచ్‌ఎంఎస్ అంటారు, ఆ యాప్‌లో తేదీలు నమోదు చేశాను. కానిస్టేబుల్ వచ్చి హాల్లో కెమెరా బిగించాడు, తలుపు తీసి ఎవరు కదిలినా వాళ్ళకి తెలుస్తుందట. "ఎవరికీ చెప్పకండి మాస్టారూ" అని మరీ చెప్పి వెళ్ళాడు. అతను నా పాత స్టూడెంటే. విజయవాడ స్టేషన్లో రైలెక్కగానే నేను పెట్టాను: "కాశీ యాత్ర, పది రోజులు". రైలు ఖమ్మం దాటకముందే అతని ఫోన్. "మాస్టారూ, కెమెరా మేం పెట్టాం, దండోరా మీరు వేశారు."

ఇంటికొచ్చాక మా కోడలు నా పక్కన కూర్చుని, "మామయ్యా, మీ పోస్టులు నాకిష్టం. కాకపోతే మీరు కార్డు ముక్క లాగా పెట్టండి, మీరొచ్చాక చేరేలాగా" అంది. నాన్నగారి కార్డు సంగతి నేనే తనకి చెప్పాను ఎప్పుడో. నాకు కోపం రాలేదు. అదే మాట మా అబ్బాయి అంతకుముందు ఏడాదిగా "నాన్నా, అది పెట్టకు" అని అరుస్తూ చెప్పాడు, వినలేదు.

కాబట్టి మీ ఆయన ద్వారా కాదు, మీరే చెప్పండి. ఆసుపత్రి సంగతి ముందు ఎత్తకండి, ఆయనకి అది ఇప్పటికే గుచ్చుకుంటూ ఉంటుంది. వాచ్‌మన్ మాట ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇంకేమీ కలపొద్దు.

కందిపొడి:

అందరికీ థాంక్స్. వినాయక చవితికి గుంటూరు వెళ్ళొచ్చాం, అందుకే ఆలస్యం.

మాస్టారు చెప్పినట్టే చేశాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఉండ్రాళ్ళ పళ్ళెం పెట్టి, అత్తయ్య కూడా ఉండగా, వాచ్‌మన్ మాట చెప్పాను. ఆయన తినడం ఆపేశారు. "ఫ్లాట్ నంబర్ అడిగాడా?" అన్నారు. కాసేపాగి మళ్ళీ అదే అడిగారు. "పాప ఆ రోజుల్లో స్కూలుకెళ్ళే టైమింగ్స్ నేనెక్కడన్నా పెట్టానా అమ్మా?" అన్నారు. నాకే ఆ ఆలోచన రాలేదు.

తర్వాత పాపని పక్కన కూర్చోబెట్టుకుని ఫోను దానికిచ్చారు. శాస్త్రిగారు చెప్పినవన్నీ నేను చదువుతుంటే అది నొక్కింది. పబ్లిక్ పోయి ఫ్రెండ్స్ వచ్చింది. పాతవి కూడా కుదించాం. సాయంత్రం న్యూజెర్సీకి వీడియో కాల్ చేసి, చెల్లెలికి ఏదో చెప్పడానికి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

వినాయకుడి ఫోటో నిమజ్జనం అయ్యాక పెట్టారు. అప్పటికి మేం హైదరాబాద్ చేరిపోయాం. ట్యాగ్ చేసేముందు మావారికి ఫోన్ చేసి "పెట్టనా?" అని అడిగారు.

ఇంక ఒక్కటి మిగిలింది. నిన్న రాత్రి "మా చిన్నోడి స్వీట్ హోమ్" తీయించేద్దామని తెరిచాను. ఆ ప్లేస్ తొలగించమని రిపోర్ట్ చేసే చోటు దొరికింది. నొక్కేముందు ఆ 14 చెక్-ఇన్‌లూ చదివాను, అంతకుముందు లెక్కపెట్టానంతే, చదవలేదు. మొదటిది మా గృహప్రవేశం రోజుది. ఒకటి "చిన్న కోడలి చేతి గోంగూర పచ్చడి, మా అమ్మకి చెప్పకండి". ఇంకోటి పాప పుట్టి ఇంటికొచ్చిన రోజు. 2021 మేలో ఒకటుంది, ఫోటో లేదు. మా నాన్నగారు పోయిన వారం అది. ఆ లాక్‌డౌన్‌లో పాస్ సంపాదించుకుని గుంటూరు నుంచి కారేసుకొచ్చిన ఒకే ఒక్క మనిషి ఆయన. "అమ్మాయి దగ్గర ఉన్నాం" అని రాశారు.

శాస్త్రిగారూ, ఆ ప్లేస్ తీసేస్తే దాని కింద ఉన్న ఈ 14 పోస్టులు కూడా పోతాయా, లేక లొకేషన్ ఒక్కటే పోతుందా? తెలిస్తే చెప్పండి. ఇంకా నొక్కలేదు.